ఎర్రదారం మూటలు

ఆగస్టు 9, శుక్రవారం

ఈ పుస్తకం కొని ఏడాది అయింది. మొదటి పేజీలో శ్రీరామ అని రాసి బీరువాలో పడేశాను. ఇవాళ తీశాను. మనిషన్నవాళ్ళకి సంతోషమొస్తే పక్కవాళ్ళకి చెప్పుకుంటారు. నాకు సంతోషమొస్తే భయమేస్తుంది, భయాన్ని ఎవరికి చెప్పుకోను?

కొండల్లో బంధుగాంలో చోడిపిండి మిల్లు మొదలైంది, రాగుల్ని మేం చోళ్ళంటాం. మా రాయగడ బజారు వర్తకులు, సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్లలోని మనవాళ్ళు తలా ఇంత వేసి పెట్టిన దన్ను నిధికి ఇదే తొలి పెట్టుబడి. కొండ చోళ్ళు బస్తాల్లో లారీలెక్కి పోతాయి, పిండి డబ్బాల్లో తిరిగి కొండెక్కి వస్తుంది. మూడు తరాలుగా ఆ లారీలకి బస్తాలు ఎత్తించింది మేమే. ఇకనుంచి అక్కడి చోళ్ళు అక్కడే మొలకకట్టి, వేయించి, పిండి పట్టి, ముందు అక్కడి పిల్లల హాస్టలుకే అమ్మాలి. లాభంలో సగం పనిచేసే ఆడవాళ్ళది. సభలో లేచి నిలబడి ఇదంతా చెప్పింది నేను. "లాభం ఆలస్యమైనా సరే, ఊరికి మంచి జరగాలి" అన్నది కూడా నేనే. ఆ రోజు నుంచి మా ఆయన శ్రీహరి నన్ను మేడమ్ అని పిలుస్తున్నారు.

మిల్లు నడిపేది పుణ్యవతి. కొండదొరల తెగ పిల్ల, డిప్లొమా చదివి విశాఖలో ఉద్యోగం మానుకుని వచ్చింది. నన్ను అక్కా అంటుంది కానీ లెక్క తప్పితే అక్క అని చూడదు. షెడ్డు పైకప్పు ఇంకా కారుతోంది, అందుకని వానాకాలం పోయేదాకా చోళ్ళ బస్తాలు మా గోడౌనులో ఉంచుతామని నేనే మాటిచ్చాను. మా అత్త అప్పలకొండమ్మ అయితే "మన సరుకులాగే సూసుకుంటానే అమ్మీ" అని దాని చేతిలో చెయ్యి వేసి చెప్పింది.

అత్తే ఇవాళ పెద్ద ముత్తయిదువ. తన పాత పసుపుచీర చింపి చిన్న చిన్న మూటలు కుట్టి, మజ్జిగౌరి అమ్మవారి దగ్గర పెట్టిన అక్షింతలు, పసుపుకొమ్ము అందులో వేసి ఎర్రదారంతో బిగించి తెచ్చింది. ఒకటి తొలి బస్తా మూతికి కట్టింది. బస్తా విప్పేముందు దాన్ని తీసి, మిల్లు పనికి చేరి, వీపున పసిదాన్ని కట్టుకుని నిలబడ్డ చిలకమ్మ చేతిలో పెట్టింది. తక్కిన పనివాళ్ళకి తలా ఒకటి ఇచ్చింది.

"పడుకున్న సోట యేలాడగట్టండే. ఇల్లు సల్లగుంటాది, పిల్లలకి దిష్టి తగల్దు."

చిలకమ్మ మూటని వాసన చూసి, నావైపు చూసి నవ్వింది. పసిదానికి ఇంకా పేరు పెట్టలేదట. బుజ్జి అంటున్నారు.

అంతా బాగా జరిగింది. ఇంత బాగా జరిగితే నాకు పడదు.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నే వానలో బంధుగాం జీపుకి రెండో లోడు బస్తాలు ఎత్తించాను. మడిచీర తడిసిపోయింది. అత్త తిట్టింది.

ఆగస్టు 18, ఆదివారం

భయమేస్తోంది, అయినా రాస్తాను. రాస్తే చిన్నదవుతుందేమో.

గోడౌనులో మినుముల బస్తాలు చూద్దామని వెళ్ళాను. అటక మీద ఉండాల్సిన మందుబిళ్ళల డబ్బా కిందకి దింపి ఉంది. పురుగు పట్టకుండా బస్తాల్లో వేసే బిళ్ళలు. గాలి తగిలితే అందులోంచి విషపు ఆవిరి లేస్తుంది. వెల్లుల్లి కుళ్ళినట్టు కంపు. మందు వేశాక గోడౌను మూసేస్తాం, తీశాక తలుపులు బార్లా పెట్టి చాలాసేపు ఎవరినీ లోపలికి పోనివ్వం. ఈ బిళ్ళలు ఇళ్ళల్లో వాడకూడదని రూలుంది. బజారులో ఆ రూలు ఎవరు చూశారు?

అత్తని అడిగాను. పూలు గుచ్చుకుంటూ తాపీగా చెప్పింది.

"సోళ్ళకీ ఏసేను కదే. లచ్చివారం నాడు."

"ఏ చోళ్ళకి?"

"ఏటా పెశ్న? పుణ్యవతి సోళ్ళకే. మన సరుకులాగే సూసుకుంటానని మాటిచ్చేను కదా. పురుగు పడితే మనకే కదా మాట?"

మా ఇంట్లో పద్ధతి ఇది. బిళ్ళని గుడ్డమూటలో కట్టి బస్తా మధ్యలో దూరుస్తుంది అత్త. మూటకి కట్టిన ఎర్రదారం బస్తా బయటకి వేలాడుతూ ఉంటుంది. బస్తా విప్పేముందు దారం లాగాలి, మూట తియ్యాలి, పెరట్లో గొయ్యి తీసి పూడ్చాలి. ఈ ఇంట్లో మాటలు రాని పిల్లలకి కూడా ఎర్రదారం ముట్టకూడదని తెలుసు. ఎంత తెలుసంటే, తెలియనివాళ్ళు లోకంలో ఉంటారని మాకు తోచలేదు.

శుక్రవారం జీపుకి ఎత్తించినప్పుడు ఆ దారాలు నేను చూశాను. చూశాను కదా. నా కళ్ళకి అవి బస్తాలో భాగంలా కనిపించాయి, ఆ కంపు గోడౌనులో భాగంలా తోచింది.

పుణ్యవతికి ఫోన్ చేశాను. "శుక్రవారం బస్తాలు ఏం చేశారే?" అంటే "హాస్టలోళ్ళు తొందరపెడితే మొలక కట్టకుండానే పట్టించేశామక్కా, పేకెట్లు ఎల్లిపోయేయి. పిల్లలు రెండేసి గ్లాసులు తాగుతున్నారంట!" అని నవ్వింది.

"బస్తాల్లో ఏమైనా కనిపించిందా?"

"ఏటి కనిపించాలక్కా?"

అక్కడ సిగ్నల్ పోయింది. రేపు మాట్లాడతాను.

సిగ్నల్ పోలేదు. నేనే కట్ చేశాను.

ఆగస్టు 19, సోమవారం

రాఖీ అని తమ్ముడు ఉమాపతి సునాబెడ నుంచి బస్సులో వచ్చాడు. ఇంజన్ల ఫ్యాక్టరీలో పని వాడికి. క్వార్టర్లలో అందరినీ నిధిలో చేర్పించింది వాడే. రాఖీ కడుతూ ఏడ్చాను. ఏమిటని అడిగితే అంతా చెప్పేశాను. మా ఆయన అక్కడే ఉన్నారు.

ఉమాపతి ఒక్కటే అన్నాడు. "ముందు పిల్లల నోటి దగ్గర గ్లాసు ఆపక్కా. తరవాత ఏడుద్దువుగాని."

ఈయన మాత్రం తలుపు దగ్గరకి వేసి గొంతు తగ్గించారు. "నోరు జారేవంటే మిల్లు మూతే. కేసంటూ అయితే మా అమ్మ మీద అవుద్ది. ఆవిడ వయసేటి, కోర్టు మెట్లెక్కుద్దా? ముందు పిండి టెస్టు సేయించు. ఏటీ లేదని తేలితే లోకానికి సెప్పడం దేనికి?"

ఇద్దరి మాటా విన్నాను. అదే నా తప్పేమో. పుణ్యవతికి ఫోన్ చేసి, ప్యాకింగు సీలు సరిగా లేదు, హాస్టలులో పిండి వాడవద్దని చెప్పు, మిల్లు ఆపు అన్నాను. అబద్ధం ఎంత చక్కగా వచ్చిందో నోటికి.

"సీలు నేను దగ్గరుండి సూసేను కదక్కా."

"చెప్పింది చెయ్యి."

అది మెల్లగా అంది. "మొదలెట్టి పది రోజులు కాలేదు. అప్పుడే మా సేతిలోంచి లాక్కుంటారేటి? మా అయ్య ముందే సెప్పేడు, సావుకార్లు ఇంతే అని."

అననీ. పిండి ఆగింది, అది చాలు. శుక్రవారం పిండిలో మాకని జీపులో పంపిన పేకెట్టు పట్టుకుని ఉమాపతి విశాఖ లాబుకి వెళ్ళాడు. బస్సెక్కుతూ ఆగి, "వాళ్ళు దారం చూసి మూటలు తీసేసి ఉంటారక్కా. తీసేసి ఉంటే ఎక్కడ పడేశారో కనుక్కో" అన్నాడు.

పడేసి ఉంటారు. ఎక్కడో ఒకచోట.

ఆగస్టు 20

ఫోన్ మోగితే భయం. మోగకపోతే ఇంకా.

ఆగస్టు 21, బుధవారం

హాస్టలు వంటమనిషికి ఏదో వంకతో ఫోన్ చేశాను. ఒక పిల్లకి వాంతులట. ఎప్పటినుంచి, ఏం తిన్నది, కళ్ళు తెరుస్తోందా అని అడుగుతుంటే ఆవిడకి అనుమానం వచ్చింది. "పచ్చి జామకాయలు బొక్కిందమ్మా, ఇప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడతంది, ఏటంత కంగారు?" అంది.

దొంగకి తేలు కుట్టినట్టుంది నా పని. కుట్టిన చోటు చూపించుకోలేను.

అత్త ఏమీ ఎరగదు. కాకరకాయ వేపుడు చేసి, నువ్వు సిక్కిపోతన్నావే అని నా కంచంలో రెండోసారి వేసింది. ఆవిడ చేతుల్నే చూస్తూ తిన్నాను. ఆ చేతులే మూటలు కుట్టాయి. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. కోపమైనా వస్తే కొంచెం తోడుండేది.

మజ్జిగౌరి గుడికి వెళ్ళాను. పిల్లలందరూ బాగుంటే చీర పెడతానని మొక్కుకున్నాను. మొక్కుతుంటే నాకే సిగ్గేసింది. అమ్మవారితో కూడా బేరమేనా?

ఆగస్టు 23, శుక్రవారం. మధ్యాహ్నం

పిండిలో ఏమీ లేదు! ఉమాపతి ఫోన్ చేశాడు. మందు ఆనవాలే లేదట. రెండుసార్లు చూశారట. పెరట్లోకి పోయి గట్టిగా ఏడ్చాను. ఈయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి "సూసేవా, సెప్పేను కదా" అన్నారు. పోనీ, ఆయన చెప్పిందే నిజమైంది. ఈ ఒక్కసారికి ఆయన గెలవనీ. ఇప్పుడు పుణ్యవతికి ఫోన్ చేసి మిల్లు తిప్పుకోమంటాను. ఈ పేజీలు చింపేస్తాను.

ఆగస్టు 23. జీపులో

చింపలేదు. గతుకులకి అక్షరాలు పక్కకి పోతున్నాయి. ఇంట్లో కూర్చుని ఎదురు చూడలేను, జీపులో కూర్చుని చూడలేను, అందుకని రాస్తున్నాను.

సీలు సర్దుకుంది, మొదలెట్టుకోండి అని పుణ్యవతికి చెప్పాను. అది మూతి ముడుచుకునే ఉంది. ఫోన్ పెట్టేయబోతూ, "ఆడోళ్ళు అడగమన్నారు, మీ అత్తని ఇంకొన్ని మూటలు కుట్టమను" అంది.

"ఏ మూటలు?"

"అవేనక్కా, ఎర్రదారం మూటలు. మొదటి రోజు ఇచ్చింది కదా. ఈసారి బస్తాకి ఒకటి పెట్టి పంపింది. నేను లేనప్పుడు దింపేరంట, నాకు నిన్ననే తెలిసింది. దొరికినోళ్ళు దొరికినట్టు ఇంటికి తీసుకుపోయేరు. దొరకనోళ్ళు తగువు. ఈసారి దిష్టికి ఎల్లుల్లి కూడా ఏసిందంట కదా, మంచి ఘాటుగా ఉన్నాయంట."

పసుపుచీర. అదే పసుపుచీర. అత్త రెండింటికీ అదే గుడ్డ చింపింది, అదే దారం చుట్టింది. బస్తా మూతికి కట్టిన మూటని విప్పి, పడుకునే చోట వేలాడదీసుకోమని చెప్పింది అత్తే. పక్కన నిలబడి తల ఊపింది నేను.

ఇన్నాళ్ళూ పిండి, పిండి అని చచ్చాను. పిండిలో లేకపోతే ఆ మూటలు ఎక్కడున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు. తమ్ముడు అడగమన్నాడు, నేను అడగలేదు.

"అమ్మీ, అవి అక్షింతలు కావు. పురుగుమందు. ఇళ్ళల్లోంచి అందరినీ బయటకి రమ్మను. తలుపులు తెరిచి పెట్టమను. ఎవరూ మూటలు విప్పొద్దు, వాసన చూడొద్దు. ఇప్పుడే వెళ్ళు."

అవతల ఊపిరి వినిపించింది. "మొన్న సీలు అన్నావు కదక్కా."

"అబద్ధం చెప్పాను."

ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

డ్రైవరు పక్కన మా ఆయన కూర్చున్నారు. రమ్మని నేను అడగలేదు. బిళ్ళ వారానికి చచ్చిపోతుందంటారు కొందరు. గుడ్డ దళసరిగా ఉంటే, తడి తగిలితే మళ్ళీ లేస్తుందంటారు ఇంకొందరు. ఎవరి మాట నిజమో నాకు తెలియదు. నాకు తెలిసింది ఆ ఇళ్ళు. ఒకటే గది, కిటికీ ఉండదు, చలికి తలుపు బిగించుకుని అందరూ ఒక్కచోటే పడుకుంటారు.

చిలకమ్మ బిడ్డకి ఇంకా పేరైనా పెట్టలేదు. అమ్మా మజ్జిగౌరీ, చీర కాదు, నీకేం కావాలో నువ్వే అడుగు.

ఆగస్టు 24, శనివారం. బంధుగాం

నిన్న జరిగింది రాయాలి.

మేం వచ్చేసరికి పుణ్యవతి రోడ్డు కింద ఇళ్ళన్నీ తిరిగేసింది. మూటలన్నీ దొరికినవి దొరికినట్టు ఊరవతల గొయ్యిలో వేయించింది. కొన్ని ఇళ్ళల్లో తలనొప్పి, కళ్ళు తిరగడం. వాన జ్వరాలనుకున్నారట. మిల్లులో పనిచేసే కోటేశ్వరమ్మ ఇంట్లో మాత్రం మూట మంచం తలవైపు వాసానికి కట్టి ఉంది. కింద గంపలో కోళ్ళు చచ్చిపోతే తెగులు అనుకున్నారు. మనిషికి వాంతులు ఆగకపోతే మలేరియా అనుకుని జ్వరం మాత్రలు మింగించారు. ఆమెను మా జీపులోనే ఎక్కించాం. ఈయనే చేతుల మీద ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. ఆసుపత్రిలో ఏం జరిగిందో దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పమని నేను అరిస్తే, "సెప్తాను. మా గోడౌనుదే అని సెప్తాను" అన్నారు.

జీపు అటు పోయింది. చిలకమ్మది కొండ మీద గూడెం. ఫోన్ అందదు, బండి ఎక్కదు. మూడు రోజులుగా ఆమె కొండ దిగలేదని అక్కడే తెలిసింది.

పుణ్యవతి ముందు, నేను వెనక. అది ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బురదలో చెప్పు ఊడిపోతే వదిలేశాను. చింతచెట్ల దగ్గర దమ్ము అందక నిలబడిపోతే, పైనుంచే అంది.

"నా మాట మీద వచ్చేరు వాళ్ళు పనికి. నా మాట మీద. ఆ పిల్లకి ఏదైనా అయితే నేనేటి సెప్పను?"

రెండో చెప్పు కూడా విడిచేశాను. ఎక్కాను.

గూడెంలో పొగలు లేస్తున్నాయి. చిలకమ్మ ఇంటి తలుపు మూసి ఉంది. చూరు కింద, గుమ్మం బయట, పసుపు మూటలు రెండు గాలికి ఊగుతున్నాయి. ఒకటి మొదటి రోజుది, ఒకటి మందుది. రెండూ ఒకేలా ఉన్నాయి. కుట్టిన ఇంటిదాన్ని, నాకే తేడా తెలియలేదు.

పుణ్యవతి తలుపు తోసింది. లోపల చీకటి. నేను గడప దాటలేకపోయాను. పిలిచినా ఎవరూ పలకలేదు.

అప్పుడు ఇంటి వెనకనుంచి కట్టెలమోపుతో చిలకమ్మ వచ్చింది. వీపున బుజ్జి, నిద్రపోతోంది. నేను వెళ్ళి ఆ పసిదాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. చిలకమ్మకి ఏం అర్థమైందో, ఒక అడుగు వెనక్కి వేసింది. కొండ ఎందుకు దిగలేదే అంటే వాగు పొంగింది అంది.

పుణ్యవతి చెప్పవలసింది చెప్పింది. పొడుగాటి కర్రతో మూటల్ని దింపి తీసుకుపోయింది. చిలకమ్మ అంతా విని, కట్టెలు దింపి, చేతులు దులుపుకుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"పడుకునే చోట కట్టమంది కదే మా అత్త. నువ్వు బయటెందుకు కట్టేవు?" అని అడిగాను. అడక్కుండా ఉండవలసింది.

చిలకమ్మ కొంచెం సిగ్గుపడింది, ఎదుటిమనిషి మర్యాద తీస్తున్నందుకు. "తప్పు పట్టుకోకు సావుకారమ్మా. పెద్దావిడ పేమగానే ఇచ్చింది. కానీ లోపల పోయిన మా పెద్దోళ్ళు ఉంటారు. సావుకారి దేవుడు మంచోడే అవ్వచ్చు, గుమ్మం బయట ఉంటేనే మాకు మంచిది. లోపలికి రానిస్తే మరి ఎల్లడు అంటాది మాయమ్మ."

దిగేటప్పుడు పుణ్యవతి చెయ్యి అందించింది. పట్టుకున్నాను. బురద కాబట్టి అందించిందేమో.

ఆగస్టు 25

కోటేశ్వరమ్మ కళ్ళు తెరిచిందని ఈయన కొరాపుట్ ఆసుపత్రి నుంచి చెప్పారు. లేచి కూర్చోలేకపోతోంది. ఇంకా కొన్నాళ్ళు ఉంచాలట. తనూ అక్కడే ఉంటానన్నారు. పోలీసులు వచ్చి రాసుకు వెళ్ళారట. "నా పేరే రాయించేను" అన్నారు.

నా పేరు కూడా రాయించమన్నాను.

ఆగస్టు 27, మంగళవారం. రాయగడ

రేపు నిధి సభ. పుణ్యవతి షరతు పంపింది. ఇకమీదట చోళ్ళు మా గోడౌనుకి రావు, ముందు వాళ్ళ షెడ్డు కప్పు వేయించాలి, తాళం వాళ్ళ దగ్గరే ఉండాలి. బస్తా మీద మా ఇంటి చెయ్యి పడకూడదు. ఆడవాళ్ళందరూ కూర్చుని అనుకున్న మాట. ఒప్పుకుంటేనే మిల్లు తిరుగుతుంది. సభలో అంతా చెప్పి ఈ షరతు చదవాలి. సగంమంది లేచి వెళ్ళిపోతారు. వర్తకులు కదా, మందు గురించి నలుగురిలో మాట్లాడటం ఎవరికీ ఇష్టం ఉండదు. అందరి గోడౌన్లలోనూ ఆ డబ్బా ఉంది. నాకు భయంగానే ఉంది. రాస్తే చిన్నదవుతుందనుకున్నాను, అవలేదు.

అత్తకి ఇవాళ చెప్పాను, మొత్తం. వింటూ వింటూ గోడకి జారగిలబడింది. అక్కడినుంచే అడిగింది.

"సిలకమ్మ పిల్ల బాగుందా?"

"బాగుంది."

"నా అచ్చింతలే కాసేయి." చేతులెత్తి దణ్ణం పెట్టింది. "అమ్మోరి అచ్చింతలు కదే, ఊరికే పోవు."

వదిలేద్దామనుకున్నాను. పెద్దది, ఈ ఒక్క మాట పట్టుకుని నిద్రపోతుంది. కానీ వదిలేసిన మాటలు ఎక్కడికి పోతాయో ఇప్పుడు నాకు తెలుసు.

"లోపల కట్టలేదత్తా. రెండూ గుమ్మం బయటే కట్టింది. షావుకారి దేవుణ్ణి లోపలికి రానివ్వకూడదని."

అత్త చేతులు అలాగే ఆగిపోయాయి. మెల్లగా ఒళ్ళోకి దించింది. వీధిలో ఎవరో కూరలు బేరమాడుతున్నారు.

"మనల్ని నమ్మలేదన్నమాట."

"లేదత్తా."

"మంచి పని సేసింది" అంది అత్త. లేచి, కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం ఉండ తీసి నా చేతిలో పెట్టింది. "రేపు సభకి నన్నూ తీసుకెల్లు. కట్టింది నేనని నేను సెప్తాను."